చావును కొలమానం చేయకండి: ఉద్యమ నాయకులకు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల్లోని అన్ని రాజకీయ పార్టీల నాయకులకు, విద్యార్థి సంఘాల బాధ్యులకు, ఐక్య కార్యాచరణ సమితుల పెద్దలకు,

నమస్కారం.

ఏటా జూన్ 2న మీలో కొందరు హైదరాబాదు గన్‌పార్కులోని స్తూపం దగ్గర పూలు పెడతారు. డిసెంబరు 15న మరికొందరు పొట్టి శ్రీరాములు విగ్రహానికి దండ వేస్తారు. ఉక్కు కర్మాగారం మాట వచ్చినప్పుడల్లా ఇంకొందరు 1966లో విశాఖలో నేలకొరిగినవారిని తలుచుకుంటారు. ఆ సభల్లో మీరు మాట్లాడేది చాలా ఏళ్లుగా వింటున్నాను, మర్నాడు పత్రికల్లో చదువుతున్నాను. పార్టీలు వేరు, జెండాలు వేరు. కానీ ఒక్క మాట మాత్రం అందరి నోటా వస్తుంది. ప్రాణమిచ్చినవాడే నిజమైన బిడ్డ, ఆ ప్రాణత్యాగాల వల్లనే ఇదంతా సాధ్యమైంది అని. ఆ మాట ఇకమీదట వేదికల మీద అనవద్దని కోరడానికి ఈ లేఖ రాస్తున్నాను.

నేను డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఉద్యమాలకు వ్యతిరేకిని కాను. ఊరేగింపుల్లో నడిచాను, సంతకాలు పెట్టాను, సమ్మె రోజుల్లో జీతం వదులుకున్నాను. అన్యాయం మీద తిరగబడని సమాజం బతికి ఉన్నట్టు కాదని తరగతి గదిలో పిల్లలకు చెప్పాను, ఈ రోజు కూడా అదే నమ్ముతున్నాను. కాబట్టి ఈ లేఖను పిరికితనం బోధించే లేఖగా దయచేసి చదవకండి.

మొదట ఒక తేడా చెప్పాలి. ప్రాణానికి తెగించడం ఒకటి, ప్రాణం తీసుకోవడం మరొకటి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చావాలని ఇల్లు వదలలేదు. దొర జులుం మీద ఊరివాళ్లంతా కలిసి తీసిన ఊరేగింపులో నడుస్తుండగా గడీ వైపు నుంచి తూటాలు వచ్చాయి. ఆయనకు కావలసింది వెట్టి లేని ఊరు, ఆ ఊళ్లో తన బతుకు. ఆ తెగువకు తల వంచుతాను. ఒక పనికోసం ముందుకు నడిచినవాడికి చావు ఎదురు రావచ్చు. ఆ చావుకు బాధ్యత కాల్చినవాడిది. కానీ ఒక యువకుడు ఒంటరిగా గదిలో కూర్చొని, తన చావు తప్ప ఈ దేశంలో ఎవరినీ ఏదీ కదిలించదన్న నిర్ణయానికి వస్తే, దానికి బాధ్యత ఎవరిది? ఆ నిర్ణయానికి అతణ్ణి చేర్చిన మాటలు ఎక్కడి నుంచి వచ్చాయి? మీరు ఈ రెండు చావులనూ ఒకే దండలో గుచ్చుతున్నారు, ఒకే పేరుతో పిలుస్తున్నారు. వినేవాడికి రెండూ ఒకటే అయిపోతున్నాయి.

మన గ్రామాల పొలిమేరల్లో వీరగల్లులు కనిపిస్తాయి. దొంగలు తోలుకుపోతున్న పశువులను మళ్లించబోయి, ఊరిని కాపాడబోయి పడిపోయినవారికి నిలిపిన రాళ్లు అవి. చాలా రాళ్ల మీద కత్తి పట్టి పోరాడుతున్న మనిషిని, పక్కన ఆవుల మందను చెక్కారు. ఏ పని మీద వెళ్లి పోయాడో ఆ పని కూడా రాతి మీద ఉండాలని ఆనాటివాళ్లు అనుకున్నారు. మీ ప్రసంగాల్లో పని కనిపించడం లేదు. పోయినవారి సంఖ్య ఒక్కటే వినిపిస్తోంది.

నా మాటకు పెద్ద అడ్డంకి పొట్టి శ్రీరాములుగారి చరిత్రే అని నాకు తెలుసు. ఆయన చనిపోకపోతే ఆంధ్ర రాష్ట్రం వచ్చేదా అని వెంటనే అడుగుతారు. కాబట్టి ఆ చరిత్రను కొంచెం నిదానంగా చూద్దాం.

1952 అక్టోబరు 19న మద్రాసు మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో ఆయన నిరాహార దీక్ష మొదలైంది. డిసెంబరు 15 రాత్రి, 58 రోజుల తర్వాత ప్రాణం పోయింది. డిసెంబరు 19న ప్రధాని నెహ్రూ ఆంధ్ర రాష్ట్ర ఏర్పాటును లోక్‌సభలో ప్రకటించారు. ఆ ప్రకటనకు సరిగ్గా పదహారు రోజుల ముందు, డిసెంబరు 3న, ఇదే నెహ్రూ మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీకి రాసిన ఉత్తరంలో ఈ దీక్ష తనను ఏమాత్రం కదిలించలేదని, దాన్ని పట్టించుకోదలచుకోలేదని రాశారు. 58 రోజులు వినపడనిది నాలుగు రోజుల్లో వినపడింది. ఆ నాలుగు రోజులు తెలుగువాళ్లకు ఒక పాఠం నేర్పాయి: ఢిల్లీకి శవం కనిపిస్తే తప్ప మనం కనిపించమని. ఆ తర్వాత డెబ్బై ఏళ్ల మన రాజకీయాల మీద ఆ పాఠం నీడ పడుతూనే ఉందని నా అభిప్రాయం.

అయితే ఆ పాఠం సగమే నిజం. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. 1937లో శ్రీబాగ్ ఒడంబడికతో కోస్తా, రాయలసీమ నాయకులు ఒక మాట మీదికి వచ్చారు. 1949లో నెహ్రూ, పటేల్, పట్టాభి ముగ్గురూ ఉన్న జేవీపీ సంఘమే మద్రాసు నగరం మీద ఆశ వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రం ఇవ్వవచ్చని చెప్పింది. నలభై ఏళ్లపాటు వకీళ్లు, ఉపాధ్యాయులు, పత్రికలవాళ్లు, గ్రంథాలయాలు నడిపినవాళ్లు చేసిన పనితో తలుపు చాలావరకు తెరుచుకునే ఉంది. మిగిలిన చిక్కు మద్రాసు. శ్రీరాములుగారు అడిగింది మద్రాసుతో కూడిన రాష్ట్రం. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. ఆయన మరణం ఆలస్యాన్ని తెగ్గొట్టింది, అది నిజం. రాష్ట్రాన్ని తెచ్చింది ఆ ఒక్క మరణమే అంటే మాత్రం ఆ నలభై ఏళ్లలో పనిచేసిన వేలమందికి అన్యాయం చేసినట్టే.

ఇంకొక పేరు కూడా గుర్తు చేస్తాను. 1951లో ఇదే కోరికతో గొల్లపూడి సీతారామశాస్త్రిగారు, జనం స్వామి సీతారామ్ అని పిలిచినాయన, 35 రోజులు నిరాహార దీక్ష చేశారు. వినోబా భావే మాట మన్నించి విరమించారు. 35 రోజులంటే మామూలు విషయం కాదు. కానీ ఆయన విగ్రహం ఏ కూడలిలో ఉంది? ఎన్ని పాఠ్యపుస్తకాల్లో ఆయన గురించి ఒక పేజీ ఉంది? దీక్ష విరమించి బతికినందుకు చరిత్రలో ఆయన స్థానం చిన్నదైపోయింది.

శ్రీరాములుగారి జీవితంలో నన్ను ఎక్కువగా కదిలించేది ఆ చివరి 58 రోజులు కాదు. 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయంలోకి దళితులను రానివ్వాలని ఆయన దీక్ష చేశారు. తర్వాత కూడా అంటరానితనానికి వ్యతిరేకంగా రాసిన అట్టలు పట్టుకొని, చెప్పులు లేకుండా, ఎండలో నెల్లూరు వీధుల్లో తిరిగేవారు. ఆయనకు మతి చలించిందని అనుకున్నవాళ్లు ఉన్నారు. ఆనాడు ఆయన వెనుక నడిచినవాళ్లు ఎంతమంది? ఆ జిల్లాకు ఇప్పుడు ఆయన పేరే ఉంది. 2008లో జిల్లా పేరు పొట్టి శ్రీరాములు నెల్లూరు అయింది. బతికి ఉండి అడిగినప్పుడు వినని సమాజం చనిపోయాక దండలు వేసింది. ఆయన మరణాన్ని ఏటా తలుచుకొనే మీరు, ఆయన బతికుండగా పట్టుకు తిరిగిన ఆ అట్ట మీది మాటను ఏ సభలోనైనా చదివారా? ఆంధ్ర రాష్ట్రం వచ్చి డెబ్బై ఏళ్లు దాటింది. దళితులను గుడి మెట్ల దగ్గర ఆపే ఊళ్ల వార్తలు మాత్రం ఆగలేదు.

ఆయన మరణవార్త తెలిసిన తర్వాతి రోజుల్లో ఆంధ్ర ప్రాంతంలో జనం రోడ్ల మీదికి వచ్చారు. రైళ్లు ఆగాయి, పోలీసు కాల్పులు జరిగాయి, కొందరు చనిపోయారు. వాళ్ల పేర్లు ఎవరికి తెలుసు? నా విద్యార్థుల్లో ఒక్కరు కూడా ఎప్పుడూ చెప్పలేకపోయారు. ఒక మరణాన్ని మహత్తరమైనదిగా చూపినప్పుడు దాని వెనుక వచ్చే మరణాలు లెక్కలో ఒక వరుసగా మిగిలిపోతాయి.

1969కి వస్తాను. ఉద్యోగాల్లో స్థానికులకు ఇచ్చిన రక్షణలు అమలు కావడం లేదని మొదలైన విద్యార్థి ఉద్యమం ప్రత్యేక తెలంగాణ ఉద్యమమైంది. పోలీసు తూటాలకు విద్యార్థులు బలయ్యారు. 369 మంది అని ఉద్యమకారులు చెబుతారు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితికి జనం 10 స్థానాలు ఇచ్చారు. అదే ఏడాది ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఆ తర్వాత గన్‌పార్కులో ఎక్కా యాదగిరిరావు చెక్కిన స్తూపం లేచింది. చనిపోయిన పిల్లల తల్లిదండ్రులకు ఆ విలీనం గురించి ఎవరు, ఏమని చెప్పి ఉంటారని ఎన్నోసార్లు ఆలోచించాను. ప్రాణం పెట్టినవాడికి వెనక్కి తీసుకునే వీలు లేదు. ఆ ప్రాణం పేరుతో ఓట్లడిగిన నాయకుడికి మాత్రం ఎన్ని దారులైనా తెరిచే ఉంటాయి. చావును పొగిడే ప్రతి ప్రసంగంలోనూ ఈ అసమానత దాగి ఉంది.

2009 శీతకాలం మీలో చాలామందికి నిన్నటిలా గుర్తుండాలి. నవంబరు 29న ప్రత్యేక తెలంగాణ కోసం కేసీఆర్ దీక్షకు బయలుదేరారు, అరెస్టయ్యారు. అదే రోజు ఎల్బీనగర్‌లో శ్రీకాంతాచారి తన ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు, డిసెంబరు 3న చనిపోయాడు. డిసెంబరు 9 రాత్రి తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామని కేంద్రం ప్రకటన చేసింది. డిసెంబరు 23న ఇంకొక ప్రకటనతో వెనక్కి తగ్గింది. ఆ తర్వాత నాలుగేళ్లు, 2014 ఫిబ్రవరిలో పార్లమెంటు బిల్లును ఆమోదించే వరకు, పత్రిక తెరిస్తే ఏదో ఒక మూల ఒక యువకుడి ఫోటో ఉండేది. 2009 సెప్టెంబరులో వై.ఎస్. రాజశేఖరరెడ్డి మరణం తర్వాత కూడా ఇలాంటి చావుల వార్తలు వచ్చాయి. వాటి మీద ఓదార్పు యాత్రలు నడిచాయి. ఒక నాయకుడి కోసం ఇంతమంది, ఒక రాష్ట్రం కోసం ఇంతమంది అని అంకెలు పోటీ పడి పెరిగాయి. ఆ రోజుల్లో టీవీ తెర మీద ఆ అంకెలు ఎక్కుతుంటే చూడలేక ఇంట్లో టీవీ కట్టేసేవాళ్లం.

అప్పుడు నా తరగతిలో సగం బెంచీలు ఖాళీగా ఉండేవి. పిల్లలు ఊరేగింపుల్లో, వంటావార్పుల్లో, రాస్తారోకోల్లో ఉండేవారు. దానికి నాకు బాధ లేదు, అదీ చదువే. వాళ్లలో ఒక అబ్బాయి, చాలా తెలివైనవాడు, కొన్నాళ్లుగా ఎవరితోనూ మాట్లాడడం మానేశాడు. నేను కూడా ఏదో ఒకటి చేయాలి సార్, ఏమీ చేయకుండా ఎలా బతకాలి అని నాతో ఒకసారి అన్నాడు. ఏదో ఒకటి అంటే అతని మనసులో ఏముందో హాస్టల్‌లోని స్నేహితులు ముందుగా పసిగట్టారు. రాత్రంతా అతణ్ణి ఒంటరిగా వదల్లేదు, మర్నాడు ఇంటికి తీసుకెళ్లి తల్లికి అప్పగించారు. ఇప్పుడతను బడి పంతులు. తన దగ్గరికి వచ్చే పిల్లలకు తెలంగాణ చరిత్ర చెబుతున్నాడు. ఆ స్నేహితుల పేర్లు ఏ స్తూపం మీదా ఉండవు. నా దృష్టిలో ఆ రాత్రి వాళ్లు చేసిన పని ఆ నాలుగేళ్లలో ఏ ప్రసంగం కంటే తక్కువ కాదు.

ఏమీ చేయకుండా ఎలా బతకాలి అన్న ఆ పిల్లవాడి ప్రశ్నలో నిజాయతీ ఉంది. దానికి మీరు వేదికల మీద నుంచి ఇచ్చిన జవాబు సరైనది కాదు. ఉద్యోగం లేదు, ఇంటి దగ్గర అప్పులు, చదువుకు విలువ ఉంటుందో లేదో తెలియదు. ఆ దిగులులో ఉన్న ఇరవై ఏళ్లవాడికి ఒక పెద్దమనిషి మైకులో ప్రాణమిచ్చినవాడే వీరుడని చెబితే, తన దిగులుకు ఒక గౌరవమైన దారి దొరికిందని అతను అనుకుంటాడు. చనిపోయినవాళ్లలో ప్రతి ఒక్కరి కారణమూ వేరు, లోపల ఏం జరిగిందో ఎవరికీ పూర్తిగా తెలియదు. వాళ్లను నేను ఒక్క మాట కూడా అనను, అనే హక్కు నాకు లేదు. ఆ దుఃఖాన్ని ఉద్యమానికి ఇంధనంగా వాడుకున్న మన అందరి గురించే మాట్లాడుతున్నాను.

నిజానికి తెలంగాణను కదిలించిన పనులు వేరే ఉన్నాయి. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు సాగింది. సింగరేణి కార్మికులు గనుల్లోకి దిగలేదు. ఆర్టీసీ బస్సులు కదల్లేదు. ఉపాధ్యాయులు, ప్రభుత్వోద్యోగులు జీతాలు వదులుకొని రోడ్డు మీద కూర్చున్నారు. నెల జీతం మీద బతికే ఇంట్లో అలాంటి రోజులు ఎలా గడుస్తాయో అనుభవించినవాళ్లకే తెలుసు. కిరాణా కొట్టు అప్పులు, పిల్లల ఫీజులు, చీటీల వాయిదాలు అన్నీ ఆగిపోయాయి. ప్రొఫెసర్ జయశంకర్ దశాబ్దాలపాటు నీళ్ల లెక్కలు, నిధుల లెక్కలు, ఉద్యోగాల లెక్కలు చెబుతూ ఊరూరా తిరిగారు. 2011 జూన్‌లో అనారోగ్యంతో కన్నుమూశారు, రాష్ట్రాన్ని చూడలేదు. ఆయన జీవితం మొత్తం ఒక ఆశయానికి ఇచ్చేశారు, ఒక్క రోజులో కాదు, రోజుకు కొంత చొప్పున అరవై ఏళ్లు. ఆశయం కోసం జీవితం ఇవ్వడమంటే యువకులకు మీరు చూపవలసిన ఉదాహరణ ఇది.

తెలంగాణ రైతాంగ పోరాటం గురించి అడిగితే నా విద్యార్థులు కొమరయ్య చనిపోయిన తేదీ తప్పు లేకుండా రాసేవారు. పాలకుర్తి చాకలి ఐలమ్మ ఏం చేసిందో రాయమంటే రెండు వాక్యాలకు మించేది కాదు. కౌలుకు తీసుకున్న భూమిలో తాను పండించిన పంట విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల పాలు కాకుండా సంఘం అండతో ఇంటికి చేర్చుకుంది. దానికి ఆ కుటుంబం చెల్లించిన మూల్యం చిన్నది కాదు. అయినా ఆమె లొంగలేదు, ఊరు వదల్లేదు. 1985 సెప్టెంబరు 10 వరకు బతికింది. దొర పోయాడు, గడీ పాడుబడింది, ఆమె ఉంది. హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టినప్పుడు నాకు నిజంగా సంతోషం కలిగింది. పోరాడి, గెలిచి, ముసలిదై చనిపోయిన ఒక పేద స్త్రీ పేరు ఒక విశ్వవిద్యాలయం గుమ్మం మీద ఉండడం మన పిల్లలకు అవసరం.

ఈ వ్యాధి మన దగ్గరే ఉందని కూడా అనను. మణిపుర్‌లో ఇరోం షర్మిల 2000 నవంబరులో సాయుధ దళాల ప్రత్యేక అధికారాల చట్టానికి వ్యతిరేకంగా దీక్ష మొదలుపెట్టారు. ముక్కులోంచి గొట్టం వేసి ద్రవాహారం పంపుతూ ప్రభుత్వం ఆమెను పదహారేళ్లు బతికించింది. 2016 ఆగస్టు 9న ఆమె దీక్ష విరమించి, రాజకీయాల్లోకి వచ్చి పోరాడతానని, పెళ్లి చేసుకుంటానని చెప్పారు. అప్పటివరకు ఆమెను దేవతగా చూసినవాళ్లలో చాలామంది మొహం చాటేశారు. ఆ రాత్రి ఇంఫాల్‌లో ఆమెకు తల దాచుకునే చోటు దొరకడమే కష్టమైంది. 2017 ఎన్నికల్లో తౌబాల్ నియోజకవర్గంలో ఆమెకు వచ్చిన ఓట్లు 90. పదహారేళ్లు అన్నం ముట్టని మనిషి బతకాలనుకున్నందుకు పడిన శిక్ష అది. ఆమె చనిపోయి ఉంటే ఈపాటికి ఎన్ని విగ్రహాలు లేచేవో ఊహించగలం. మనుషుల కంటే వాళ్ల సమాధులు మనకు అనుకూలంగా ఉంటాయి, సమాధి ఎదురు మాట్లాడదు కాబట్టి.

విశాఖ ఉక్కు విషయం కూడా చూడండి. 1966లో తమనంపల్లి అమృతరావు దీక్ష, నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు, ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది మరణం. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 64 గ్రామాలవాళ్లు భూములిచ్చారు. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం ఒక్క నిర్ణయంతో వందశాతం వాటా అమ్మకానికి ఆమోదం తెలిపింది. 32 ప్రాణాలు ఆ నిర్ణయాన్ని ఆపలేకపోయాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి కూర్మన్నపాలెం కూడలిలో కార్మికులు వంతులవారీగా రిలే దీక్షల్లో కూర్చున్నారు. పగలు డ్యూటీ చేసి సాయంత్రం శిబిరానికి వచ్చినవాళ్లు, పదవీ విరమణ తర్వాత కూడా వచ్చినవాళ్లు ఉన్నారు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. కర్మాగారం కష్టాలు తీరాయని అనడం లేదు, పోరాటం ముగిసిందనీ అనడం లేదు. కానీ అమరుల త్యాగం వృథా కానివ్వం అని మీరు ప్రసంగిస్తున్న గంటల్లో ఆ త్యాగాన్ని నిజంగా కాపలా కాసింది శిబిరంలో కూర్చున్న మనుషులు. భూములిచ్చి నిర్వాసితులై, చేతిలో ఆర్-కార్డు (పునరావాస కార్డు) పట్టుకొని ఉద్యోగం కోసం ముసలివాళ్లయినవారు కూడా ఆ చుట్టుపక్కల ఊళ్లలోనే ఉన్నారు. వాళ్ల జీవితాలు పోలేదు కాబట్టి వాళ్ల త్యాగానికి స్తూపం లేదు.

సరిహద్దులో సైనికుడి మాటేమిటని మీలో ఒకరు అడగవచ్చు. సైన్యంలో పనిచేసిన నా బంధువులు చెప్పే మాట ఒక్కటే. మంచి అధికారి తన జవాన్లను వెనక్కి ఇంటికి చేర్చడం గురించే ఆలోచిస్తాడు, పని పూర్తి కావాలి, మనుషులూ తిరిగి రావాలి. ఉద్యమ నాయకుడి నుంచి నేను ఆశించేది కూడా అంతే.

ఇక మీ నుంచి కోరేది చెబుతాను.

మీరు పిలుపునిచ్చిన ఊరేగింపులో తూటాలు పేలే అవకాశం ఉంటే ముందు వరుసలో మీరు ఉండండి, వెనుక వరుసలో పిల్లలు ఉండాలి. ఉద్యమంలో ఎవరైనా తన ప్రాణం తాను తీసుకుంటే, ఆ మృతదేహం దగ్గర రాజకీయ ప్రసంగం చేయకండి. ఆ ఇంటికి వెళ్లండి, తల్లితో కూర్చోండి, కావలసిన సాయం చేయండి, ఫోటోగ్రాఫర్‌ను వెంట తీసుకెళ్లకండి. మర్నాడు సభలో మైకు ముందు నిలబడి, మాకు మీ చావు వద్దు, ఈ పోరాటానికి మీరు బతికి ఉండడం కావాలి అని స్పష్టంగా చెప్పండి. దిగులులో ఉన్నవారు కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చని అదే వేదిక మీద నుంచి చెప్పండి. విద్యార్థి సంఘాల కరపత్రాల్లో ఆ నంబరు వేయండి. ఏ కళాశాలలోనైనా ఒక సంఘం ఉద్యమం మొదలుపెడితే, ఒంటరిగా ఉంటున్న పిల్లలను కనిపెట్టి ఉండే బాధ్యత ఇద్దరు ముగ్గురికి అప్పగించండి. నేను చెప్పిన ఆ అబ్బాయిని కాపాడింది అలాంటి ఇద్దరు ముగ్గురే, వాళ్లకు ఆ బాధ్యత ఎవరూ అప్పగించకపోయినా.

తెలంగాణ ఉద్యమంలో చనిపోయినవారు 1,200 మంది అని వేదికల మీద చెప్పారు. ప్రభుత్వ జాబితాకు ఎక్కి, 10 లక్షల సాయం అందుకున్న కుటుంబాలు అంతకంటే చాలా తక్కువ. ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఇళ్ల సంగతి ఏమిటి? ఆ అంకె తప్పయితే అన్నేళ్లు ఎందుకు చెప్పారు? నిజమైతే ఆ కుటుంబాలు ఎందుకు మిగిలిపోయాయి? 2023 జూన్ 22న హుస్సేన్‌సాగర్ ఒడ్డున పెద్ద స్మారకం ప్రారంభమైంది, మంచిదే. ఊరి పేరు, తండ్రి పేరుతో సహా సరిచూసిన జాబితాను ఆ స్మారకంలో అందరూ చదవగలిగే చోట పెట్టాలి. ఇది పాలక పార్టీ పని, ప్రతిపక్షం పని కూడా, ఎందుకంటే ఆ అంకెను ఉపయోగించుకోని పార్టీ లేదు.

ప్రభుత్వంలో ఉన్నవారికి, రేపు ప్రభుత్వంలోకి రాబోయేవారికి ఇంకొక మాట. అర్జీలు, సంతకాలు, శాంతియుత ధర్నాలు, రిలే దీక్షలు వినకుండా కూర్చొని, ఎవరో చనిపోయిన మర్నాడు కమిటీ వేసే అలవాటు మానండి. అలా చేసిన ప్రతిసారీ తర్వాతి ఉద్యమానికి చావే దారి అని మీరే నేర్పుతున్నారు. నోటిఫికేషన్ కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్న నిరుద్యోగులు ఇందిరాపార్కు దగ్గర కూర్చున్నా, విజయవాడలో కూర్చున్నా, అక్కడికి ఒక మంత్రి వెళ్లి గంటసేపు వాళ్ల మాట వినడం అసాధ్యమైన పని కాదు.

ఇలా చేస్తే ఉద్యమంలో వేడి తగ్గిపోతుందని మీలో కొందరు అనుకుంటారని తెలుసు, కొందరు నాతో అన్నారు కూడా. సకల జనుల సమ్మెలో బొగ్గు ఆగినప్పుడు ఉన్న వేడి ఏ ప్రసంగంలోనూ నాకు కనిపించలేదు. ఆ సమ్మెలో ఉన్న ఆర్టీసీ కండక్టరు, సింగరేణి కార్మికుడు, పంతులమ్మ ఈ రోజుకీ మీ నియోజకవర్గాల్లోనే ఉన్నారు. వచ్చే వేడుకకు పిలిచి, వేదిక మీద కూర్చోబెట్టి, ఆ రోజుల్లో ఇల్లు ఎలా నడిచిందో వాళ్లనే చెప్పమనండి. పిల్లలు అది వినాలి.

ఈ లేఖకు మీ జవాబు కూడా బహిరంగంగానే ఇవ్వాలని కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు